సగం ముఖంతో వచ్చిన కాగితం

మొన్న మా ఎదురు ఫ్లాటు వాళ్ళ అల్లుడు హైదరాబాదు నుంచి సెలవు మీద వచ్చి, మా ఇంట్లో కాఫీ తాగుతూ, నేనూ ఒకప్పుడు తెనాలిలో కంప్యూటరు పనే చేశానని తెలిసి, ఏం పని చేసేవారని మర్యాదగా అడిగాడు. వెబ్ పేజీని పీడీఎఫ్‌గా మార్చే పని మీద ఒక వేసవంతా తల బొప్పి కట్టించుకున్నానని చెప్పాను. అతను నవ్వి, ఇప్పుడది ఒక్క లైను పనండీ ఆంటీ, అన్నాడు. ఒక్క లైనట! పరాయింటి అల్లుడు కదా అని పైకి నవ్వి ఊరుకున్నాను గాని లోపల ఒళ్ళు మండిపోయింది. ఆ ఒక్క లైను కోసం రేపల్లె ప్యాసింజరెక్కి, అక్కడ దిగి బస్సెక్కి, ఉప్పుగాలికి జుట్టంతా అట్టలు కట్టించుకుని తిరిగిన మనిషిని నేను. అతనికి చెప్పి ప్రయోజనం లేదు. ఇంటర్నెట్ సెంటర్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మన వంతు కోసం ఎదురుచూసిన వయసువాళ్ళు మీరైతే, మీకు చెబుతాను.

రెండువేల దశకం చివర్లో మాట ఇది. నేను రేపల్లెలో పుట్టి పెరిగిన లూథరన్ బడిపంతులు కూతుర్ని. లెక్కల్లో డిగ్రీ చేసి, పెళ్ళయి తెనాలి వచ్చి, ఇంట్లోనే పదో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఉండేదాన్ని. మా మరిది హైదరాబాదులో కంప్యూటరు కోర్సు చేసి, అక్కడి ఉద్యోగం నచ్చక తిరిగొచ్చి, గంగానమ్మపేటలో ఒక మందుల షాపు పైన రెండు గదులు తీసుకుని, కాలేజీలకూ రైసుమిల్లులకూ వెబ్‌సైట్లు తయారుచేసే దుకాణం తెరిచాడు. దుకాణమనే అనాలి, కంపెనీ అంటే మా మరిదికే నవ్వొచ్చేది. లెక్కలొచ్చినవాళ్ళకి ప్రోగ్రాములు రాయడం ఎంతసేపు వదినా అని నన్ను తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. ఎంతసేపో తర్వాత తెలిసింది లెండి. పొద్దున్నే ఇంటిపని ముగించుకుని, క్యారేజీ పట్టుకుని ఆ ఇరుకు మెట్లెక్కుతుంటే, కింది షాపులోంచి టింక్చరు వాసనా పైన మా గదిలోంచి వేడెక్కిన కంప్యూటర్ల వాసనా కలిసి ముక్కుకి తగిలేవి. మా వారు ఆఫీసు నుంచి వచ్చి, నీ దగ్గర ఆస్పత్రి వాసనొస్తోందేమిటి అని వెక్కిరించేవారు.

ఆ ఏడాది బాపట్ల దగ్గర ఒక ట్రస్టువాళ్ళు కొత్తగా నర్సింగ్ కాలేజీ పెట్టి, దరఖాస్తులన్నీ ఇంటర్నెట్లోనే తీసుకుంటామని ప్రకటించారు. ఆ పని మాకు వచ్చింది. వివరాలు నింపి, ఫోటో ఎక్కించి, చివర్లో ఉన్న మీట నొక్కితే అదంతా ఒక పీడీఎఫ్ కాగితంగా తయారై రావాలి. దాన్ని అచ్చు తీయించుకుని కౌన్సెలింగు రోజున కాలేజీకి తీసుకెళ్ళాలి. ఆ కాగితం చేతిలో లేని పిల్లను లోపలికి రానివ్వమని కాలేజీవాళ్ళు ముందే చెప్పేశారు. వెబ్ పేజీనే అచ్చు తీసుకోవచ్చు కదా అని మీరడగొచ్చు. వెబ్ పేజీ నీళ్ళలాంటిది, ఏ గిన్నెలో పోస్తే ఆ ఆకారానికి వస్తుంది. ఒక సెంటర్లో ఒక పేజీలో సరిపోయింది ఇంకో సెంటర్లో మూడు పేజీలవుతుంది. పీడీఎఫ్ అలా కాదు, ఎక్కడ తెరిచినా ఒక్క అక్షరం కదలదు. అందుకని ఆ మార్చే పనిని మా సర్వరుకి అప్పజెప్పాం. సర్వరంటే మాది కాదు, హైదరాబాదులో ఎవరిదో పెద్ద యంత్రంలో మేము అద్దెకు తీసుకున్న చిన్న వాటా.

ఆ మార్పిడి నాకు చుక్కలు చూపించింది. తెర మీద చక్కగా కనిపించే కాలేజీ ముద్ర పీడీఎఫ్‌లోకి రాగానే మాయమై, దాని చోట ఒక ఎర్ర గుర్తు మిగిలేది. తెలుగులో రాసిన కాలేజీ పేరు ఖాళీ డబ్బాలుగా మారేది, ఎందుకంటే ఆ సర్వరు తన జన్మలో తెలుగు అక్షరాన్ని చూసి ఎరగదు. పట్టికలో తండ్రి పేరు ఒక పేజీలో, ఆయన వృత్తి ఇంకో పేజీలో పడేవి. ఏమీ లేని రెండో పేజీ ఒకటి ఊరికే వెంట వచ్చేది. ఒక్కొక్కదాన్నీ పట్టుకుని, ముద్ర ఎక్కడుందో దానికి పూర్తి చిరునామా చెప్పి, తెలుగు అక్షరాలు ఎక్కించి, అంచులు సర్ది, చివరికి అన్నీ కుదిర్చాం. ముత్యంలాంటి పేజీ వచ్చింది. ఆ రోజు మా మరిది కింద బండి మీద నుంచి మిరపకాయ బజ్జీలు తెప్పించాడు.

దరఖాస్తులు మొదలైన వారానికల్లా బాపట్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కొందరు పిల్లల కాగితాలు సగమే వస్తున్నాయట. పైన కాలేజీ పేరుంటుంది, ఫోటో సగం వరకు ఉంటుంది, కిందంతా తెల్లగా ఉంటుంది. మేము తెనాలిలో కూర్చుని ఎన్నిసార్లు తీసినా నిండు కాగితమే వచ్చేది. మా దగ్గర బాగానే వస్తోందండి అని మా మరిది ఫోనులో చెప్పేవాడు. ఆ మాట చెప్పినప్పుడల్లా అవతలివాళ్ళకి ఎంత మండి ఉంటుందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఫోటోలు మరీ పెద్దవేమో అనుకుని చిన్నవే ఎక్కించాలని నిబంధన పెట్టాం. కరెంటు పోతోందేమో అనుకున్నాం. చెడిపోయిన వేళలు చూస్తే ఒకరోజు మధ్యాహ్నం, ఇంకోరోజు సాయంత్రం, మరో రోజు పొద్దున్నే, దేనికీ పొంతన లేదు. ఆ రోజుల్లో కరెంటు కోతలు కూడా అట్లాగే రోజుకో వేళకి ఉండేవి కాబట్టి తప్పంతా కరెంటుదేనని ఇద్దరం తేల్చేసుకుని హాయిగా కూర్చున్నాం.

ఆ హాయి ఎక్కువ రోజులు నిలవలేదు. మా చెల్లెలు అడవులదీవిలో బళ్ళో టీచరు. ఒకరోజు మధ్యాహ్నం ఫోను చేసి, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా, "అక్కా, మీ కంప్యూటరు మా పిల్ల కొంప ముంచిందే," అంది. దాని దగ్గర చదువుకున్న పిల్ల ఒకతె ఇంటరు మంచి మార్కులతో పాసైంది. తల్లి లేదు, తండ్రి సముద్రం మీద వేటకు పోతాడు, పెంచిందంతా తండ్రిని కన్న మామ్మ. మా చెల్లెలు నెలల తరబడి వాళ్ళింటి చుట్టూ తిరిగి, ఆ మామ్మను బతిమాలి, నర్సు చదువుకి పంపడానికి ఒప్పించుకుంది. మామ్మ మంచి గడియ చూసుకుని మరీ పిల్లను రేపల్లెలో ఇంటర్నెట్ సెంటరుకి పంపితే, కాగితం సగమే వచ్చింది. పిల్ల ఫోటో పెదవుల దగ్గర తెగిపోయింది. మళ్ళీ నొక్కితే మీ దరఖాస్తు అందింది అంటూ ఆ సగం కాగితాన్నే మళ్ళీ ఇచ్చింది, ఎందుకంటే ఒకసారి తయారైన కాగితాన్నే దాచి ఉంచి ఎప్పుడడిగినా అదే ఇచ్చేలా మేమే రాసిపెట్టాం. తెగిన ముఖం చూసి మామ్మ మంచం పట్టినంత పనిచేసిందట. ఇక చదువు మాటెత్తవద్దని, వచ్చే వారం నుంచి పిల్లను రొయ్యల షెడ్డులో పనికి పంపిస్తానని చెప్పేసిందట. అక్కడ చేరిన పిల్లలెవరూ మళ్ళీ పుస్తకం పట్టలేదని చెబుతూ చెల్లెలు ఫోనులోనే ఏడ్చింది. చిన్నప్పుడు దెబ్బ తగిలినా ఏడవని మొండిఘటం అది.

మర్నాడు బుధవారం. పొద్దున ప్యాసింజరెక్కి రేపల్లె వెళ్ళాను. వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే కిటికీ పక్కన కూర్చుని ఏం చూడాలో, ఏం అడగాలో ఆలోచించుకున్నాను. ఆ పిల్ల వెళ్ళిన సెంటరు బస్టాండు దగ్గర్లోనే ఉంది. యజమాని నలభై ఏళ్ళ మనిషి, ఫలానా వెబ్‌సైటు తయారుచేసింది నేనే అని చెప్పగానే, తిడతాడేమో అనుకుంటే, "రా అక్కా, కూర్చో," అని టీ తెప్పించాడు. గదినిండా ఆడపిల్లలు, వాళ్ళ వెంట వచ్చిన అమ్మలూ నాన్నలూ పెద్దమ్మలూ ఉన్నారు. చెరుకుపల్లి వైపు నుంచి, నిజాంపట్నం వైపు నుంచి వచ్చినవాళ్ళు. కొందరు నా కళ్ళెదుటే వివరాలు నింపుతున్నారు. పన్నెండు దాటింది. నింపడం అయిపోయింది. అయినా ఒక్కరూ ఆ చివరి మీట నొక్కరే! చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఒకావిడ టిఫిన్ డబ్బా విప్పి పులిహోర పంచడం మొదలుపెట్టింది, నాకూ పెట్టింది.

నాకు ఏమీ అర్థం కాలేదు. నెట్ రావడం లేదా ఏంటి అని యజమానిని అడిగాను. అతను నన్ను వింతగా చూసి, "రాహుకాలం కదక్కా, ఒంటిగంటన్నర దాటాలి," అన్నాడు. నేను పులిహోర నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాను. అతను మామూలుగానే చెప్పుకుపోతున్నాడు, ఇక్కడే కాదు, బాపట్లలో తన తోడల్లుడి సెంటర్లోనూ, చెరుకుపల్లిలో స్నేహితుడి సెంటర్లోనూ ఇదే తంతట, పిల్ల భవిష్యత్తు కదా, ఆ కాస్తసేపు ఆగితే ఏం పోతుందని అందరూ ఆగుతారట. గోడ మీద గడియారం వైపు అందరూ పరీక్ష హాల్లో గంట కోసం చూసినట్టు చూస్తున్నారు. ఒంటిగంటన్నర దాటింది. ఒక పెద్దాయన, ఇహ కానివ్వండమ్మా, అన్నాడు. గదిలో ఉన్న మౌసులన్నీ ఒక్కసారే టకటకమన్నాయి. తెరలన్నీ బిగుసుకుపోయాయి. కాసేపటికి ప్రింటరు లోంచి వచ్చిన మొదటి కాగితంలో ఒక పిల్ల కళ్ళ వరకే ఉంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదంటే నమ్మండి. సోమవారం పొద్దున్నే, బుధవారం మధ్యాహ్నం, మంగళవారం సాయంత్రం అంటూ మేము పొంతన లేదనుకున్న వేళలన్నీ రోజుకొక్క చోట ఉండే రాహుకాలం ముగిసే వేళలు! మా దుకాణంలో ఉన్నది మేమిద్దరం, ఇద్దరమూ ఆదివారం చర్చికి పోయేవాళ్ళం. మా నాన్న తన జన్మలో పంచాంగం ముట్టుకున్న మనిషి కాదు. మిగిలిన ఊరంతటికీ తెలిసిన సంగతి మా ఇద్దరి బుర్రకే తట్టలేదు. మూడు ఊళ్ళలోని సెంటర్లన్నిటి నుంచీ పిల్లలందరూ ఒకే క్షణాన మీట నొక్కితే, మా చిన్న వాటా సర్వరు అన్ని కాగితాలనూ ఒకేసారి తయారుచేయబోయి ఊపిరాడక నీలుక్కుపోతోంది. దానికి తోడు, ఇంతసేపట్లో పని కాకపోతే ఉన్నంతవరకు చుట్టబెట్టి ఇచ్చెయ్యమని దానికి మేమే చెప్పి ఉంచాం, ఫోటో ఎంతవరకు వస్తే అంతవరకే కాగితం మీద పడుతోంది. అక్కడి ఫోను నుంచే మరిదికి చెప్పాను. "వదినా, మనం కరెంటాఫీసు వాళ్ళని ఎన్ని తిట్టుకున్నామో," అన్నాడు.

రోగం తెలిశాక మందు పెద్ద కష్టం కాలేదు. మీట నొక్కిన వెంటనే కాగితం తయారుచేయడం మానేసి, అందరినీ వరుసలో నిలబెట్టి, ఒకటి పూర్తయ్యాకే రెండోది మొదలుపెట్టేలా మార్చాం. మీ కాగితం తయారవుతోంది, మీకన్నా ముందు ఇంతమంది ఉన్నారు అని తెర మీద కనిపించేలా నేనే తెలుగులో రాశాను. అంతకుముందు సగంగా వచ్చిన కాగితాలన్నిటినీ వెతికి మళ్ళీ నిండుగా తీసి, ఆయా పిల్లలకు కబురు పెట్టమని కాలేజీకి చెప్పాం. అందరి పనీ అయింది. కాని అడవులదీవి పిల్ల విషయం అలా ఫోనుతో అయ్యేది కాదని చెల్లెలు చెప్పింది. కొత్త కాగితాన్ని అచ్చు తీయించి తీసుకెళ్ళి చూపించినా మామ్మ కన్నెత్తి చూడలేదట, ఒకసారి తెగింది తెగిందే అందట.

ఆదివారం ఆరాధన కాగానే బయల్దేరి వెళ్ళాను. రేపల్లె నుంచి బస్సులో, కిటికీలోంచి ఉప్పుగాలి కొడుతుంటే, మూఢనమ్మకాల మీద ఒక పెద్ద ఉపన్యాసం తయారుచేసుకున్నాను. బడిపంతులు కూతుర్ని కదా, ఉపన్యాసాలకేం లోటు! మామ్మ నాతో నిష్ఠూరంగా మాట్లాడుతుందని అనుకున్నాను. ఆవిడ మంచం వాల్చి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, పిల్లను పక్కింటికి పంపేసి, నెమ్మదిగా చెప్పింది. ఆవిడకి ఇద్దరు కొడుకులు. చిన్నవాణ్ణి ఊళ్ళో ఎవరూ పంపనంత దూరం, బాపట్ల హాస్టలుకి చదువుకి పంపింది. చదువు సగంలో ఉండగా జ్వరమొచ్చింది, మనిషి తిరిగి రాలేదు. "నాకు కాయితాలు చదవటం రాదమ్మాయ్. సగంలో ఆగింది ఎట్టా ఉంటదో మాత్రం నాకు తెలుసు," అంది.

తయారుచేసుకున్న ఉపన్యాసం పక్కన పెట్టేశాను. ఆవిడది మూఢనమ్మకం కాదు, భయం. కడుపుకోత పడిన తల్లి భయం. సర్వరని, మెమరీ అని ఏదో మొదలుపెట్టాను, ఆవిడ మర్యాద కొద్దీ తలాడిస్తోంది గాని ఒక్క ముక్క ఎక్కలేదని నాకు తెలుస్తూనే ఉంది. వాకిట్లోంచి చూస్తే దూరంగా ఏట్లో బోట్లు కట్టేసి ఉన్నాయి. ఏరు సముద్రంలో కలిసే మొగ చాలా ఇరుకని చెల్లెలు ఎప్పుడో చెప్పింది గుర్తొచ్చి, మామ్మా, మీ బోట్లన్నీ మంచి గడియ చూసుకుని ఒక్కసారే మొగలోకి దూరితే ఏమవుతుంది అని అడిగాను. ఏమవుద్ది, ఒకదాన్నొకటి రాసుకుని ఏదీ కదలదు, అంది. ఇక్కడా అదే జరిగింది మామ్మా అన్నాను. మూడు ఊళ్ళ వాళ్ళూ నీలాగే పిల్ల బాగుండాలని రాహుకాలం దాటేదాకా ఆగి, దాటగానే అందరూ ఒక్కసారే మీట నొక్కారని, మా యంత్రం ఇరుకని, వరుసలో పంపే ఏర్పాటు మేము చేయలేదని, ఆ పూట చాలామంది పిల్లల ముఖాలు అలాగే తెగి వచ్చాయని చెప్పాను. తప్పు మా పనిలో ఉంది, నీ మనవరాలి నుదుట లేదు అని కూడా చెప్పాను.

ఆవిడ నా వైపు తిరిగి, "నీ మాట నిజమే అనుకో. మరి ఆ గడియ మంచిదంటావా, చెడ్డదంటావా?" అని అడిగింది. మా నాన్న బతికుంటే గడియల్లో మంచేమిటి చెడేమిటి అని కళ్ళెర్రజేసేవారు. నాకు మాత్రం ఆ క్షణాన అబద్ధమాడాలనిపించలేదు, వాదించాలనీ అనిపించలేదు.

"మంచిదే మామ్మా. మంచిది కాబట్టే అంతమంది వచ్చిపడ్డారు," అన్నాను.

మామ్మ ముఖంలో ఏదో సడలింది. అయితే నా కళ్ళెదుట తియ్యండి, నేనొస్తాను, అంది. మర్నాడు సోమవారం. దరఖాస్తులకి అదే ఆఖరి రోజు. ఆ పిల్ల పాత కాగితాన్ని తీసేసి, మళ్ళీ మీట నొక్కే వీలు ఇమ్మని మరిదికి ఫోను చేశాను. ఆదివారం రాత్రి చెల్లెలింట్లోనే పడుకుని, పొద్దున్నే మొదటి బస్సులో నలుగురం రేపల్లె వెళ్ళాం. సోమవారం రాహుకాలం తొమ్మిదింటితో పోతుంది. మేము వెళ్ళేసరికి సెంటర్లో ఇసుక వేస్తే రాలనంత జనం. ఆఖరి రోజు కదా, అంతకుముందు ఏనాడూ అంతమంది లేరట. మా వరుస పద్ధతి అంత తాకిడిని తట్టుకుంటుందో లేదో మేమెప్పుడూ చూడలేదు. ఇంకోసారి ఆ పిల్ల ముఖం తెగి వస్తే, ఇంక దేవుడు దిగివచ్చి చెప్పినా మామ్మ వినదు.

పక్కకి వెళ్ళి మరిదికి ఫోను చేశాను. ఈ ఒక్క కాగితం ముందు తీసేస్తాను వదినా, మిగతావాళ్ళని కాసేపు ఆపుతాను, అన్నాడు. బతికించావురా బాబూ అనుకుని వచ్చి, ఏదో గొప్ప ఉపకారం చేస్తున్నట్టు ఆ సంగతి మామ్మ చెవిలో చెప్పాను. ఆవిడ గదంతా ఒకసారి కలయజూసింది. "అట్టా వద్దమ్మాయ్. వీళ్ళందరూ పిల్లల్ని కన్నోళ్ళే. మాది మా వరసలో రానీ," అంది. చేసేదేముంది, మళ్ళీ ఫోను చేసి, ఏమీ ఆపవద్దని చెప్పాను.

తొమ్మిది దాటింది. మౌసులు టకటకమన్నాయి. మామ్మ మనవరాలి చేతి మీద తన చెయ్యి వేసి నొక్కించింది. తెర మీద నేను రాసిన తెలుగు మాటలు పడ్డాయి, ముందున్నవాళ్ళ లెక్క ఒక్కొక్కటిగా తగ్గుతోంది. ప్రింటరు పక్కన యజమాని నిలబడి వచ్చిన కాగితాన్ని వచ్చినట్టు తీసి పేరు చదివి ఇస్తున్నాడు. ఒక పిల్లది నిండుగా వచ్చింది. ఇంకో పిల్లది వచ్చింది. ప్రతి కాగితం బయటికొచ్చేటప్పుడు మామ్మ ముందుకు వంగి, ఎవరి పిల్లో తెలియకపోయినా, వచ్చింది వచ్చింది అంటోంది. మధ్యలో తెర ఒకచోట ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో నేను చెప్పలేను, మా చెల్లెలు నా జబ్బ పట్టుకుని నొక్కిన గుర్తులు మాత్రం మర్నాటికి కూడా ఉన్నాయి. అది కదిలింది. ఆ పిల్ల కాగితం కొంచెం కొంచెంగా బయటికి వచ్చింది. పాపిడి, కళ్ళు, ముక్కు, పెదవులు. ఆగలేదు. గడ్డం, మెడ, కింద పేరు, తండ్రి పేరు, ఊరు, ఆఖరున సంతకం పెట్టాల్సిన గీత, అన్నీ వచ్చాయి.

మామ్మ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, గడ్డం కింద ఉన్న పుట్టుమచ్చ మీద వేలు పెట్టి, ఇది కూడా వచ్చిందే, అంది. అని ఏడ్చింది. పిల్ల ఏడ్చింది. మా చెల్లెలు సరేసరి. యజమాని మాత్రం, అమ్మలారా, ప్రింటరుకి అడ్డం తప్పుకుని ఏడవండి, అని కసిరి, తనూ కళ్ళు తుడుచుకున్నాడు. నేను బయటికొచ్చి బస్టాండులో సోడా తాగాను, అంత దాహమేసింది.

ఆ పిల్లకి సీటొచ్చింది, చదివింది. ఇప్పుడు గుంటూరులో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు, ఇద్దరు పిల్లల తల్లి. చదువు ముగిసిన రోజున కాలేజీలో సభ పెడితే మామ్మ వచ్చి, ఎండలో షామియానా కింద కూర్చుని, మంచినీళ్ళకి కూడా లేవలేదట. మధ్యలో లేస్తే ఎక్కడ ఆగిపోతుందోనని భయమట. పట్టా అందుకుని పిల్ల వేదిక దిగి వచ్చాకే లేచి నిలబడిందని చెల్లెలు చెప్పింది. తర్వాత కొన్నేళ్ళకి మామ్మ పోయింది. ఆఖరి రోజుల్లో సూదిమందులన్నీ మనవరాలే వేసింది.

మా మరిది దుకాణం ఏనాడో మూసేశాడు. ఆ సెంటర్లూ పోయాయి. ఇప్పుడు సర్వర్లు సముద్రమంత ఉంటాయట, లక్షమంది ఒక్కసారి నొక్కినా చలించవట. మంచిదే, నేను కాదనను. కాని ఎవరి ఫోను వాళ్ళ చేతిలో పెట్టుకుని ఒంటరిగా నొక్కుతారు. పక్కవాళ్ళది వచ్చిందో లేదో ఎవరికీ తెలియదు, ఎవరిదో కాగితం నిండుగా వస్తే వచ్చింది వచ్చింది అని సంబరపడే మామ్మ పక్కన ఉండదు. అప్పుడప్పుడూ ఇప్పటికీ ఏదో ఒకటి సగంలో ఆగుతూనే ఉంటుంది. ఏదో పొరపాటు జరిగింది, తర్వాత ప్రయత్నించండి అని తెర మీద ఒక మాట వస్తుంది. పొరపాటు ఎవరిదో ఆ మాట చెప్పదు. చదువురాని ఏ మామ్మో ఏ ఊళ్ళోనో దాన్ని చూసి, ఇది నా పిల్ల నుదుటి రాతే కాబోలనుకుని ఊరుకుంటుంది. కాదు మామ్మా, తప్పు మాది అని చెప్పడానికి బస్సు దిగి వాళ్ళ వాకిట్లోకి వచ్చేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.